ఊరుగాని ఊళ్లో పాతపుస్తకం

టోక్యోలో జింబోచో అని ఒక పేట. దాని నడుమ నుంచి యాసుకుని రోడ్డు పోతుంది. ఆ రోడ్డుకు దక్షిణపు పక్కన పాతపుస్తకాల దుకాణాలు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటాయి. ఎదుటి పక్కన అలాంటివి వెతికితే గాని కనిపించవు. అన్నీ ఉత్తరముఖం దుకాణాలే కాబట్టి కుబేరస్థానం చూసి కట్టారని మనవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. వాస్తుకు ఇక్కడ పనిలేదు, భయమంతా ఎండతోనే. ఉత్తరానికి తెరిచిన వాకిట్లోకి సూర్యుడు నేరుగా రాడు. అట్టల రంగు వెలవదు, కాగితం పెళుసుబారదు. పాతపుస్తకాల వ్యాపారంలో నీడను కాపాడుకోవడమే సగం పెట్టుబడి.

విదేశాలకు వెళ్లివచ్చే మనవాళ్ల సూట్‌కేసుల్లో చాక్లెట్లు, సెంటు సీసాలు, బాదం పప్పు మామూలే. వాటి అడుగున పాత పత్రికల కట్ట దాచుకుని తెచ్చే బాపతు కొందరుంటారు. ఏ ఊళ్లో దిగినా మ్యూజియం కంటే ముందు పాతపుస్తకాల వీధి ఎక్కడని అడుగుతారు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పట్టుకున్న జబ్బు అది. విమానం ఎక్కినంత మాత్రాన తగ్గదు.

జింబోచోలో పాతపుస్తకాల షాపులు నూటముప్పైకి పైనే. ఇన్ని ఒక్కచోట ఎందుకు చేరాయంటే, 1880ల నాటి లా కాలేజీల వల్ల. ఇప్పుడు మెయిజి, చువో, హోసెయి విశ్వవిద్యాలయాలుగా పేరుపడ్డ సంస్థలు అప్పట్లో ఈ చుట్టుపక్కలే న్యాయ పాఠశాలలుగా మొదలయ్యాయి. పరీక్ష గట్టెక్కిన కుర్రాళ్లు పుస్తకాలు అమ్మేవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు కొనుక్కునేవాళ్లు. 1913లో పెద్ద అగ్నిప్రమాదం ఈ ప్రాంతాన్ని కాల్చేసింది. అదే ఏడాది ఇవనామి షిగెయో అనే పంతులుగారు బడి ఉద్యోగం మానేసి ఇక్కడ పాతపుస్తకాల కొట్టు తెరిచారు. మరుసటి ఏడాది నత్సుమె సోసెకి నవల 'కొకొరో'ను పుస్తకంగా అచ్చువేశారు. జపాన్‌లో ఈనాడు పెద్ద ప్రచురణ సంస్థల్లో ఒకటైన ఇవనామి షోతెన్ పుట్టుక అది. 1923 భూకంపంలో పేట మళ్లీ తగలబడింది, మళ్లీ లేచింది. 1945 బాంబుదాడుల్లో మాత్రం చాలావరకు తప్పించుకుంది. పుస్తకాలను చూసి అమెరికావాళ్లు వదిలేశారని ఒక కథ చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది, నమ్మడానికి ఆధారం లేదు.

ఇక్కడ ఒక్కో దుకాణానికి ఒక్కో పిచ్చి. 1882లో మొదలైన ఓయా షోబోలో ఎడో కాలపు బొమ్మల పుస్తకాలు, చెక్క అచ్చు పటాలు, పాత మ్యాపులు. 1918 నాటి యాగుచి షోతెన్‌లో సినిమా, నాటకాలు తప్ప మరో మాట వినపడదు. స్క్రిప్టులు, కరపత్రాలు కూడా అక్కడ సరుకే. ఇంగ్లీషు పుస్తకాలు కావాలంటే 1902లో పెట్టిన కితజావా. పాత ఫ్యాషన్ పత్రికల కోసం మాగ్నిఫ్ అనే చిన్న దుకాణానికి ప్రపంచం నలుమూలల నుంచి డిజైనర్లు వస్తారు. ఏ షాపులో ఏం దొరకదో ముందు తెలుసుకుంటే కాళ్ల నొప్పులు తగ్గుతాయి.

కొనే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. వాకిలి బయట చక్రాల బల్లల మీద వంద యెన్‌ల పుస్తకాలు పోసి ఉంటాయి. వాటిని ఎంతసేపైనా తిరగేసుకోవచ్చు. లోపల పల్చటి మైనపు కాగితం చుట్టి పెట్టినవాటిని మాత్రం అడగకుండా విప్పకూడదు. బేరం ఆడటం అక్కడి మర్యాద కాదు. ఏటా అక్టోబరు చివర్లో మొదలై నవంబరు 3 ప్రాంతాల దాకా సాగే పుస్తకాల జాతర 1960 నుంచీ జరుగుతోంది. ఆ రోజుల్లో రోడ్డు పక్క కాలిబాట అలమరలతో నిండిపోతుంది. టోక్యో కొషో కైకాన్ అనే వర్తకుల సంఘ భవనంలో వారమంతా వేలంపాటలు జరుగుతాయి. అవి వ్యాపారులకు మాత్రమే. వారాంతపు అమ్మకాలకు ఎవరైనా వెళ్లొచ్చు. సంఘంవాళ్లు చదవని సరుకు అంటూ ఉండదు కాబట్టి, అక్కడ అగ్గువకు అద్భుతం దొరకాలని ఆశపడటం దండగ. దొరికేది వేరు: మరెక్కడా ఒకచోట కనిపించని వరసలు. ఒక పత్రిక పదేళ్ల సంచికలు, ఒక్కటీ తప్పకుండా.

చదివి పారేసే సరుకు

పుస్తకాల కంటే పత్రికల వేట కష్టం. పుస్తకాన్ని దాచుకోవడానికి కొంటారు, పత్రికను పారేయడానికి. ఈ ఆదివారం అనుబంధమే తీసుకోండి. బుధవారం నాటికి ఇది వంటింట్లో ఏ డబ్బా కిందో ఉంటుంది. ఇక కాగితం సంగతి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి గుడ్డపీలికల బదులు చెక్కగుజ్జుతో కాగితం చేయడం మొదలైంది. ఆ గుజ్జులోని లిగ్నిన్‌కు వెలుతురు, గాలి తగిలితే పసుపు పచ్చబడుతుంది. లోపలి ఆమ్లం కాగితాన్ని మెల్లగా తినేస్తుంది. అందుకే 1780లో అచ్చయిన పుస్తకం ఇప్పటికీ తెల్లగా నిగనిగలాడుతుంటే, 1930 నాటి వారపత్రిక ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. దానికి తోడు నడుమ కుట్టిన ఇనప పిన్నులు తుప్పుపట్టి పేజీకి చిల్లులు పెడతాయి.

యుద్ధాలు మిగతా పని చేశాయి. 1938 జూన్ తేదీతో వచ్చిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వెల పది సెంట్లు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించింది అందులోనే. ఆ తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాతకాగితం పోగుచేసి సర్కారుకిచ్చారు. ఆ కట్టల్లో కామిక్కులూ పోయాయి. ఇప్పుడు మిగిలినవి వందకు అటూ ఇటూగా ఉంటాయని లెక్క. 2024 ఏప్రిల్‌లో ఒక ప్రతి వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఎవరూ పారేయని పత్రికకు ధర రాదు. 'నేషనల్ జియోగ్రాఫిక్' పసుపు అట్టలను అమెరికాలో ఎవరూ పారేయలేదు. ప్రతి ఇంటి నేలమాళిగలోనూ ఉన్నాయి. వాటిని అపురూపమనుకుని బరువుకు డబ్బుకట్టి ఇండియాకు మోసుకొచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పాతది వేరు, అరుదైనది వేరు.

పారేసే సరుకును పారేయనివ్వని మనిషి ఎప్పుడో ఒకడు పుడతాడు. జపాన్‌లో ఆయన పేరు ఓయా సొయిచి. పాత్రికేయుడు. 1970లో పోయేనాటికి ఆయన ఇంట్లో సుమారు రెండు లక్షల పత్రికలు, పుస్తకాలు పోగుపడ్డాయి. సినిమాతారల కబుర్లు, నేరాల కథనాలు, ఆడవాళ్ల వారపత్రికలు... పెద్ద గ్రంథాలయాలు ముఖం చిట్లించే సరుకంతా అందులో ఉంది. మరుసటి ఏడాదే దాన్ని ఓయా బుంకో అనే గ్రంథాలయంగా తెరిచారు. 1974లో తచిబనా తకషి అనే పాత్రికేయుడు ప్రధాని తనకా కకుయెయి ఆస్తుల మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు ఈ పాత సంచికలనే తిరగేశాడు. ఆ వ్యాసం 'బుంగెయి షుంజు' పత్రికలో వచ్చింది. ఆ ఏడాది ముగిసేలోపు ప్రధాని దిగిపోయాడు. టోక్యోలో రెండు రోజులు తీరిక ఉన్నవాళ్లు ఒకటి జింబోచోకు ఇచ్చి, రెండోది ఈ ఓయా బుంకోకు ఇవ్వడం మంచిది. కొనలేకపోయినా చూడొచ్చు.

నది గట్టు మీద ఆకుపచ్చ పెట్టెలు

ప్యారిస్ పేరు చెప్పగానే సెయిన్ నది గట్టు మీది పుస్తకాల పెట్టెలు గుర్తొస్తాయి. రెండువందలకు పైగా అమ్మకందార్లు, సుమారు తొమ్మిదివందల పెట్టెలు, అన్నీ ఒకే ముదురాకుపచ్చ. 1859లో నగరపాలకులు వాళ్లకు స్థిరమైన చోట్లు కేటాయించారు. 1891 నుంచి రాత్రిళ్లు పెట్టెలు గట్టు మీదే వదిలి వెళ్లే వెసులుబాటు వచ్చింది. అంతకుముందు రోజూ పొద్దున తెచ్చి సాయంత్రం మోసుకుపోవాల్సిందే. ఇప్పుడు అద్దె లేదు. దానికి బదులు వారానికి కనీసం నాలుగు రోజులు తెరవాలి, నాలుగు పెట్టెల్లో ఒక్కదాంట్లోనే కీచైన్లూ బొమ్మలూ అమ్ముకోవాలి. ఈ రెండో నిబంధన ఎంత గట్టిగా అమలవుతోందో నోత్రదామ్ దగ్గర పది నిమిషాలు నడిస్తే అర్థమవుతుంది.

2024 ఒలింపిక్స్ ప్రారంభోత్సవం నది మీద జరపాలనుకున్నప్పుడు భద్రత పేరుతో సగానికి పైగా పెట్టెలను తీసేయాలని పోలీసులు ఉత్తర్వు తెచ్చారు. ఒకసారి కదిపితే ఆ పాతపెట్టెలు మళ్లీ నిలవవని అమ్మకందార్లు గోల చేశారు. నెలల తరబడి వాదులాట నడిచింది. చివరికి ఫిబ్రవరిలో అధ్యక్షుడు మెక్రాన్ కలగజేసుకుని వాటి జోలికి వెళ్లొద్దన్నాడు. ఒక దేశాధ్యక్షుడు పాతపుస్తకాల పెట్టెల గురించి నిర్ణయం తీసుకోవాల్సి రావడం ఫ్రాన్స్‌లోనే సాధ్యం.

వేటగాడికి ఈ గట్టు మీద దొరికేదేమిటి? నిజం చెప్పాలంటే పుస్తకాల కంటే పత్రికలే. 1843 నుంచి 1944 దాకా నడిచిన 'ఇలుస్ట్రాసియోఁ' సంచికలు, 'ప్యారీ మాచ్' పాత అట్టలు, అన్నిటికంటే ముఖ్యంగా 'ల పెతి జుర్నాల్' దినపత్రిక ఆదివారం అనుబంధాలు. మన ఆదివారం అనుబంధాల తాతల్లో అదొకటి. 1890 నుంచి రంగుల ముఖచిత్రంతో వచ్చేది. హత్యలు, రైలు ప్రమాదాలు, రాజుల ఊరేగింపులు, యుద్ధాలు, ఏదైనా సరే అట్ట మీద నిలువెత్తు బొమ్మ. ఆ శతాబ్దం ముగిసేలోపే పదిలక్షల ప్రతులు అమ్ముడయ్యేది.

ఒక దారుణం కూడా ఇక్కడే కళ్లబడుతుంది. పత్రికను విప్పదీసి, ప్రకటనల పేజీలను, బొమ్మలను విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి అమ్ముతారు. మొత్తం సంచికకు పది యూరోలు రాకపోయినా ముక్కలు చేస్తే యాభై వస్తాయి. గోడకు తగిలించుకునేవాళ్లకు బాగానే ఉంటుంది. ఆ వారం ప్రపంచం ఎలా ఉందో చదవాలనుకునేవాడికి మాత్రం చేతిలో మిగిలేది సబ్బు ప్రకటన. ముక్కలు కాని సంచికలు కావాలంటే ఊరి దక్షిణాన బ్రాసెన్స్ పార్కుకు వెళ్లాలి. ఒకప్పటి గుర్రాల సంత పైకప్పుల కింద శని, ఆదివారాల్లో పాతపుస్తకాల అంగళ్లు పెడతారు. 1987 నుంచీ ఉన్నదే. పర్యాటకులు తక్కువ, ముసలి ఫ్రెంచి పాఠకులు ఎక్కువ. నది గట్టు ఫొటోలకు, ఈ పార్కు పుస్తకాలకు.

లండన్‌లోనూ ఈ ముక్కల వ్యాపారం ఉంది. చేరింగ్ క్రాస్ రోడ్డుకూ సెయింట్ మార్టిన్స్ లేన్‌కూ మధ్య సెసిల్ కోర్ట్ అనే సందులో ఇరవై దాకా చిన్న దుకాణాలు. వాటిల్లో 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్', 'గ్రాఫిక్' వంటి వారపత్రికల నుంచి కోసిన బొమ్మల దొంతర్లు ఉంటాయి. అక్కడ 'ఇండియా' అని రాసిన పెట్టెను తెలుగువాళ్లు వదలకూడదు. 1877 శరత్తులో ఈ రెండు పత్రికలూ మద్రాసు ప్రెసిడెన్సీ కరువును బొమ్మలు కట్టి చూపించాయి. 'గ్రాఫిక్' అక్టోబరు సంచికల్లో బళ్లారి జిల్లా మనుషులు, పశువుల దైన్యం కనిపిస్తుంది. రాయలసీమ ముసలివాళ్ల నోట ధాత కరువుగా నిలిచిపోయిన కరువు అదే. మన జిల్లాల గురించి మన భాషలో ఆ కాలపు బొమ్మల పత్రిక ఒక్కటీ లేదు. లండన్ సందులో ఉంది.

చేరింగ్ క్రాస్ రోడ్డు మాత్రం పేరుకే మిగిలింది. హెలీన్ హాన్ఫ్ పుస్తకంతో లోకప్రసిద్ధమైన 84వ నంబరు పాతపుస్తకాల షాపు చోట ఇప్పుడు తిండి అమ్ముతారు. గోడ మీద ఫలకం ఉంది, చదివి ముందుకు నడవడమే. వేల్స్ సరిహద్దులోని హే-ఆన్-వై అనే చిన్న ఊరిది మరో తరహా. రిచర్డ్ బూత్ అనే ఆయన 1962లో అక్కడ మొదటి పాతపుస్తకాల షాపు పెట్టాడు. అమెరికాలో మూతపడుతున్న గ్రంథాలయాల సరుకును టన్నుల లెక్కన దింపాడు. 1977 ఏప్రిల్ 1న ఊరిని స్వతంత్ర రాజ్యంగా, తనను రాజుగా ప్రకటించుకున్నాడు. తేదీ చూసైనా నవ్వి ఊరుకోవాల్సింది, కానీ పత్రికలన్నీ రాశాయి, జనం వచ్చారు. ఆ నమూనా మీద బెల్జియంలో రెదూ, స్కాట్లాండ్‌లో విగ్‌టౌన్, మహారాష్ట్రలో భిలార్ దాకా పుస్తకాల ఊళ్లు వెలిశాయి. హే ఇప్పుడు సాహిత్యోత్సవానికి వెళ్లేవాళ్ల ఊరు, వేటగాళ్లది కాదు. యూరప్‌లో ఆగస్టు మొదటి ఆదివారం గడిపే వీలుంటే నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ మేలు. ఆ ఒక్కరోజు ఆ ఊళ్లో ఆరు కిలోమీటర్ల పొడవున పుస్తకాల బల్లలు పరుస్తారు.

పదిహేను డాలర్ల కరపత్రం

ఇప్పుడు ఏ దేశంలోనైనా షాపువాడి జేబులో ఫోన్ ఉంది. పుస్తకం పేరు కొడితే ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎంతకు అమ్ముతున్నారో క్షణంలో తెలుస్తుంది. కెనడాలో పుట్టిన ఏబ్‌బుక్స్ 1996లో జాలంలోకి వచ్చింది. అప్పటి నుంచి షాపువాడికి తెలియని ధర అంటూ మిగల్లేదు. దీంతో వేట చచ్చిపోయిందని పాతకాపులు వాపోతుంటారు. పూర్తిగా నిజం కాదు. చచ్చిపోయింది ధర తెలియని అమాయకుడి దగ్గర కొట్టేసే వేట. సరుకు ఏమిటో గుర్తుపట్టే వేట మిగిలే ఉంది.

1988లో అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లోని ఒక పాతసామాన్ల కొట్టంలో ఎరువులు, వ్యవసాయ పనిముట్ల కరపత్రాల కట్టలో ఒక పల్చటి పుస్తకం దొరికింది. వెల పదిహేను డాలర్లు. అట్ట మీద రచయిత పేరు లేదు, 'ఒక బోస్టన్‌వాసి' అని మాత్రమే ఉంది. ఎడ్గర్ అలన్ పో పద్దెనిమిదేళ్ల వయసులో, 1827లో సొంతంగా అచ్చువేయించుకున్న 'టామర్లేన్' అది. వేసినవి యాభై అంటారు, మిగిలినవి ఓ డజను. ఆ ప్రతి సోథ్‌బీస్ వేలంలో 1,98,000 డాలర్లకు పోయింది. ఎందరి చేతులో దాన్ని పక్కకు జరిపి ఉంటాయి. పేరు లేని చోట ఫోన్ కూడా గుడ్డిదే.

పేరు ఉండీ చదవలేనిది అంతకంటే అనువైన వేట. ఐరోపాలో, అమెరికాలో దుకాణదారుడికి ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ సరుకు మీద ధర తెలుసు. తెలుగు అక్షరాలు కనిపిస్తే తలకిందులుగా పట్టుకున్నాడో లేదో కూడా తెలియదు. వాటిని 'తూర్పు భాషలు' అన్న పెట్టెలో పడేస్తాడు. టోక్యోలో జపాన్ పత్రికల కోసం జపాన్‌వాళ్లతో పోటీ పడటం కంటే మనకు ఆ పెట్టె దగ్గరే బలం ఎక్కువ. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ఎదుట 1903 నుంచి ఆసియా, ఆఫ్రికా పుస్తకాలు అమ్ముతున్న ఆర్థర్ ప్రోబ్‌స్టెయిన్ వంటి తెలిసిన షాపులు మినహాయింపు. వాళ్లకు అన్నీ తెలుసు.

ముద్రలు, మూటలు

కొనేముందు అట్ట లోపలి పక్క చూడాలి. గ్రంథాలయం ముద్ర ఉండటం తప్పేమీ కాదు. దాని మీద 'తీసివేశాం' అన్న ముద్ర కూడా ఉందో లేదో చూడటం ముఖ్యం. అది లేకపోతే ఎవరో సంచిలో వేసుకొచ్చిన సరుకు కావచ్చు. ఇది చాదస్తం కాదు. 2022, 2023లలో బాల్టిక్ దేశాలు, పోలండ్, ఫ్రాన్స్ వంటి చోట్ల గ్రంథాలయాల నుంచి పుష్కిన్ మొదలైన రష్యన్ రచయితల తొలి ముద్రణలు వరసగా మాయమయ్యాయి. పరిశోధకులమని చెప్పి అడిగి తెప్పించుకోవడం, కొలతలు తీసుకోవడం, మరోసారి వచ్చి నకలు పెట్టి అసలు ఎత్తుకుపోవడం. కనీసం 170 పుస్తకాలు పోయాయని, విలువ 25 లక్షల యూరోలని, తొమ్మిదిమందిని పట్టుకున్నామని 2024 ఏప్రిల్‌లో యూరోపోల్ చెప్పింది. బిల్లు తీసుకోవడం, దాన్ని పుస్తకంలో కాకుండా వేరే దాచుకోవడం అన్నివిధాలా క్షేమం.

మన వైపు నుంచీ ఒక మాట. ఇంట్లో తాతల నాటి తాళపత్రాలను అమెరికాలో ఉన్న మేనమామకు కానుకగా పట్టుకెళ్లడం ముచ్చటగా అనిపించినా చట్టవిరుద్ధం. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద చారిత్రక, సాహిత్య విలువ ఉన్న 75 ఏళ్లు దాటిన రాతప్రతులు పురావస్తువులే, దేశం దాటించకూడదు.

తెచ్చుకునే వాటి విషయంలో అసలు శత్రువు బరువు. ఎకానమీ టికెట్టు మీద 23 కిలోల పెట్టెలో పుస్తకాలు ఎంతకూ పట్టవు. అమెరికా తపాలాశాఖలో అచ్చు కాగితాలకు మాత్రమే 'ఎమ్ బ్యాగ్' అని ఒక సంచి ఉంది. ఒక్క చిరునామాకు 66 పౌండ్ల దాకా, అంటే సుమారు 30 కిలోలు వేసి పంపొచ్చు. లోపల ఒక్కో పుస్తకాన్ని విడిగా చుట్టకపోతే తేడా వస్తుంది, ఎందుకంటే దారిపొడవునా దాన్ని బస్తాలాగే విసురుతారు. పత్రికలను అసలు ఇందులో పంపకూడదు. వాటిని రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, రబ్బరు బ్యాండ్లు కాకుండా పల్చటి బట్టపట్టీతో కట్టి, చేతిసంచిలో తెచ్చుకోవడమే దారి.

తెలుగు దొరికే చోటు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు. తెలుగు అచ్చు విషయంలో అది అక్షరాలా జరిగింది. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలు ఏ బందరులోనో, మద్రాసులోనో పుట్టలేదు. జర్మనీలోని హాలే పట్టణంలో పుట్టాయి. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1743లో స్వదేశం చేరాక, 1746, 1747లలో క్రైస్తవ ప్రశ్నోత్తరాల వంటి చిన్న పుస్తకాలు తెలుగులో అచ్చువేయించాడు. అంతకుముందు 1728లోనే ఆయన రాసిన తెలుగు వ్యాకరణం రాతప్రతిగానే ఉండిపోయి 1984లో గాని అచ్చుకాలేదు. హాలేలో 1698లో మొదలైన ఫ్రాంకె ధర్మసంస్థల ప్రాంగణం ఇప్పటికీ ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు గ్రంథాలయ భవనం లోపలికి సందర్శకులను రానిస్తారు. నాటకం తెరల్లా ఒకదాని వెనక ఒకటి నిలిపిన అలమరలు చూడటానికైనా వెళ్లొచ్చు. జర్మనీలో చదువుకునే తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు, బెర్లిన్ నుంచి హాలేకు రైల్లో గంటంబావు.

లండన్‌కు తెలుగు పుస్తకం చేరిన దారి వేరు. 1867లో వచ్చిన ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం బ్రిటిష్ ఇండియాలో అచ్చయిన ప్రతి పుస్తకం సర్కారు జాబితాకు ఎక్కాలి. ఆ జాబితాల నుంచి ఏరిన ప్రతులు ఇండియా ఆఫీసు గ్రంథాలయానికి, బ్రిటిష్ మ్యూజియానికి ఓడల్లో వెళ్లేవి. ప్రజల మీద కన్నేసి ఉంచడానికి చేసిన చట్టం, మన దగ్గర చెదలు తిన్న నాటకాలు, శతకాలు, పంచాంగాలు అక్కడ బతకడానికి కారణమైంది. 1912లో ఎల్.డి. బార్నెట్ ఆ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు ప్రత్యేకంగా ఒక జాబితానే అచ్చువేశాడు. ఆ రెండు సంపదలూ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రీడర్ పాస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. గుర్తింపు, చిరునామా కాగితాలు ఉంటే చాలు.

ఎదురు దారిలో వచ్చినవీ ఉన్నాయి. 1830లలో సెలవు మీద లండన్‌లో ఉన్న సి.పి. బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు దుమ్ముకొట్టుకుని పడి ఉండటం చూశాడు. చదివే నాథుడు లేని చోట వాటికేం పని అని పట్టుబట్టి మద్రాసుకు పంపించాడు. అవి చివరికి అక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. విదేశంలో తెలుగు ప్రతులను వెతికి వెనక్కి తెప్పించినవాళ్లలో ముందు పేరు ఒక తెల్లదొరదే కావడం కొంచెం గుచ్చుకునే సంగతి.

అమెరికా కథలో గోధుమలున్నాయి. 1954 నాటి పిఎల్ 480 చట్టం కింద మనం దిగుమతి చేసుకున్న గోధుమలకు రూపాయల్లోనే డబ్బు కట్టేవాళ్లం. ఆ రూపాయలను అమెరికా ఇక్కడే ఖర్చుపెట్టాలి. అందులో కొంత పుస్తకాల మీద పెట్టింది. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు, పత్రికలు కొని షికాగో, బర్క్‌లీ, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ వంటి విశ్వవిద్యాలయాలకు పంపింది. వెల్చేరు నారాయణరావు 1971 నుంచి తెలుగు పాఠం చెప్పిన విస్కాన్సిన్‌లో విద్యార్థులకు అందుబాటులో ఉన్న తెలుగు పుస్తకాలు మన జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో లేవన్నా అతిశయోక్తి కాదు. రేషన్ షాపు దగ్గర ఆ ఎర్రగోధుమలను తిట్టుకుంటూ తెచ్చుకున్న తరానికి, వాటి ధరలో కొంత తమ పత్రికల బైండింగుకు పోతోందని తెలిసే అవకాశమే లేదు.

ఆ పుస్తకాలన్నీ అలమరల్లోనే ఉండిపోవు. రెండో ప్రతులను, చోటు చాలనివాటిని గ్రంథాలయాలు బయటికి పంపుతూ ఉంటాయి. దానికి తోడు అరవైల్లో, డెబ్బైల్లో వలస వెళ్లిన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్దవాళ్లై ఇళ్లు ఖాళీ చేస్తున్నారు. వాళ్లు ఓడల్లో తెప్పించుకున్న నవలలు, 'చందమామ' బైండ్లు, తెలుగు మహాసభల సావనీర్లు పిల్లలు చదవలేరు. అట్టపెట్టెల్లో పెట్టి ఊరి గ్రంథాలయానికి దానం ఇచ్చేస్తారు. ఇండియాలో ఏ గ్రంథాలయమూ దాచని ఆ సావనీర్లే రేపటి అరుదైన సరుకు. అక్కడ దాదాపు ప్రతి ఊళ్లోనూ 'గ్రంథాలయ మిత్రులు' అనే సంఘాలు ఏటా ఒకటి రెండుసార్లు పుస్తకాల అమ్మకం పెడతాయి. పిల్లల దగ్గరకు ఆరు నెలల వీసా మీద వెళ్లి, పగలంతా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునే అమ్మానాన్నలకు ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. మొదటి పొద్దున సభ్యులకే ప్రవేశం. ఫోన్లో ధరలు చూసుకునే వ్యాపారులంతా అప్పుడే వచ్చిపడతారు. ఆఖరి రోజు మధ్యాహ్నం సంచి లెక్కన అమ్ముతారు, నాలుగైదు డాలర్లిస్తే సంచిలో పట్టినన్ని. 'విదేశీ భాషలు' అన్న బల్ల ఏ మూలనో, ఎక్కువగా వంటల పుస్తకాల వెనక ఉంటుంది. తెలుగు పెట్టె కోసం పొద్దున్నే పరుగెత్తాల్సిన పని లేదు. వ్యాపారులు దాని మీద చెయ్యి వేయరు.